అనంతపురం నుంచి కెమ్నిట్స్ దాకా: కొత్త దేశానికి నేను అలవాటు పడిన తీరు

జర్మనీలో సీటు వచ్చిన పిల్లలు మా జిల్లా నుంచి ఈ మధ్య బాగానే ఫోన్లు చేస్తున్నారు. "అక్కా, కుక్కర్ మూడు లీటర్లది తెచ్చుకోవాలా, ఐదు లీటర్లదా?" "ఊరగాయ చెక్-ఇన్ బ్యాగులో పెట్టొచ్చా?" "జర్కిన్ ఇక్కడే కొనాలా, అక్కడ కొనాలా?" అన్నిటికీ ఓపిగ్గా చెప్తాను. (మూడు లీటర్లది చాలు. జర్కిన్ అక్కడే కొనండి, అనంతపురంలో దొరికేది అక్కడి జనవరికి ఆగదు.) కానీ వెళ్లాక మనుషులు తడబడేది వేరే చోట. దాని గురించి ఎవరూ అడగరు, నేను వెళ్లేటప్పుడు నేనూ ఎవరినీ అడగలేదు. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు నా సంగతి. ఇల్లు రామ్‌నగర్‌లో. ఇంజనీరింగ్ కూడా ఊళ్లోనే, నాలుగేళ్లూ అమ్మ కట్టిచ్చిన క్యారియర్‌తోనే గడిచిపోయాయి. హాస్టల్ మొహం ఎరగను. ఏదో ట్రైనింగ్ అని బెంగళూరు వెళ్లి, పీజీలో నిద్ర పట్టక, వారం తిరక్కుండానే ఆర్టీసీ బస్సెక్కి వచ్చేసిన ఘనత నాది. అందుకే జర్మనీ అనగానే మా జేజి నమ్మలేదు. "బెంగళూరులో ఉండలేని పిల్ల, ఆ దేశంలో ఎట్ల ఉంటాదిరా?" అని నాన్నని నిలదీసింది. ఆమె అడిగినదాంట్లో తప్పేం లేదు. కొత్త చోట ఇమిడిపోయే గుణం కొందరికి పుట్టుకతోనే వస్తుందని, నాకది రాలేదని నేను కూడా అనుకునేదాన్ని.

ఆ గుణం ఎంతో కొంత అబ్బడం మొదలైంది మాత్రం అనంతపురంలోనే, చదువు లోను కోసం తిరిగినప్పుడు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, నిజమే. కానీ ఏడాదికి సరిపడా ఖర్చు ముందే ఒక ఖాతాలో వేసి చూపించాలి. బ్లాక్డ్ అకౌంట్ అంటారు. నేను వెళ్లిన 2023లో అది 11,208 యూరోలు, అప్పటి రేటుకి దాదాపు పది లక్షల రూపాయలు. అందులోంచి నెలకి 934 యూరోలే తీసుకోనిస్తారు. (2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తాన్ని 11,904 చేశారు.) దానికంటే ముందు మన సర్టిఫికెట్లు అసలువేనని ఏపీఎస్ వాళ్లు (జర్మన్ ఎంబసీ తరఫున సర్టిఫికెట్లు చూసే విభాగం) పరిశీలించి పత్రం ఇవ్వాలి. 2022 నవంబరు నుంచి మనవాళ్లకి అది తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు. ఇక లోను ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి తనఖా అడుగుతుంది. నాన్న ఇంటి కాగితాలు పెట్టాడు.

నాన్న ఆర్టీసీలో కండక్టరు. సెలవు దొరకదు కాబట్టి బ్యాంకు తిరుగుడు నా నెత్తిన పడింది. అక్కడి ఆఫీసరు వెళ్లినప్పుడల్లా "రేపు రామ్మా" అనేవాడు. "సరే సార్" అని వచ్చేసేదాన్ని. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చిన నాన్న, "రేపు రమ్మంటే ఊరికే పోతే ఎట్ల పాపా? ఇంకా ఏ కాగితం తక్కువైందో రాసియ్యమను" అన్నాడు. మర్నాడు అదే అడిగాను. గొంతు వణికింది, అది వేరే సంగతి. ఆయన నా వంక ఒకసారి చూసి, తెల్లకాగితం తీసి కావలసినవి వరసగా రాసిచ్చాడు. ఆ తర్వాత పని చకచకా అయిపోయింది. తెలియని ఆఫీసులో, తెలియని మనిషిని "ఇంకేం కావాలో రాసివ్వండి" అని అడగొచ్చని ఆ రోజే తెలిసింది. జర్మనీలో నేను చదువుకు చేరిన ఊరు కెమ్నిట్స్‌లో నన్ను ఎక్కువసార్లు గట్టెక్కించింది ఈ ఒక్క ప్రశ్నే.

భాష సంగతి. పరాయి భాషలు మా ఊరికి మరీ కొత్తేం కాదు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పుణ్యమా అని పల్లెల పిల్లలు స్పానిష్, జర్మన్ నేర్చుకోవడం ఇక్కడ చూస్తూనే ఉన్నాం. ఆ సంస్థ పెట్టిన ఫాదర్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టాడు. 1969లో అనంతపురం వచ్చాడు, 2009లో ఇక్కడే కన్నుమూశాడు. మా జిల్లాలో వలస అంటే కరువుకి తాళలేక బెంగళూరు బస్సెక్కడమే గుర్తొస్తుంది. ఎక్కడినుంచో వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి కూడా మా ఊళ్లోనే ఉన్నాడన్నది బయలుదేరే ముందు కొంచెం ధైర్యంగా అనిపించింది. అయితే ఆయన ఫెర్రర్. నేను జర్మన్‌లో ఏ-టూ, అంటే రెండో మెట్టు పరీక్ష బొటాబొటిగా దాటినదాన్ని.

కెమ్నిట్స్‌కి (మన కన్సల్టెన్సీలవాళ్లు చెమ్నిట్జ్ అంటారు) నేరుగా విమానం లేదు. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడ రైలు, లీప్‌జిగ్‌లో ఇంకో రైలు. ఊరి మధ్యలో కార్ల్ మార్క్స్ తలకాయ ఒకటే, ఏడు మీటర్ల ఎత్తు కంచు విగ్రహం, 1971 నుంచి ఉంది. తూర్పు జర్మనీ రోజుల్లో ఊరి పేరే కార్ల్-మార్క్స్-స్టాట్. 1990లో జనం ఓటేసి పాత పేరు తెచ్చుకున్నారు. చేరిన రెండు వారాల్లోపు మున్సిపాలిటీలో చిరునామా నమోదు చేసుకోవాలి, బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఆదివారం షాపులన్నీ బంద్. ఇవన్నీ యూట్యూబ్‌లో దొరుకుతాయి, వాటి జోలికి పోను.

వంటింటి సంగతికొస్తాను. మా ఫ్లాట్‌లో నలుగురం. నేను, ఎదురు గదిలో ఒక జర్మన్ అబ్బాయి, ఒక ఉక్రెయిన్ అమ్మాయి, ఒక ఇరాన్ అబ్బాయి. వంటిల్లు, బాత్రూము అందరికీ ఒకటే. ఫ్రిజ్‌లో తలా ఒక అర. ఏ వారం ఎవరు తుడవాలో, చెత్త ఎవరు దించాలో గోడ మీద కాగితం అంటించి ఉంటుంది. వెళ్లిన కొత్తలో ఒక సాయంత్రం ఉగ్గాని చేసుకుందామని బుద్ధి పుట్టింది. బొరుగులు ఆఫ్ఘన్ వాళ్ల దుకాణంలో దొరికాయి. తిరగవాతకి నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నాయి, ఎండుమిరపకాయలు తుంచి వేశాను. కరివేపాకు వెయ్యకముందే నెత్తి మీద స్మోక్ అలారం అందుకుంది. ఆ మోతకి గుండె ఆగినంత పనైంది. ఉక్రెయిన్ అమ్మాయి దగ్గుకుంటూ గదిలోంచి బయటికొచ్చింది. జర్మన్ అబ్బాయి తువ్వాలు పట్టుకుని అలారం కింద గాలి విసురుతున్నాడు. నేను గరిట పట్టుకుని "సారీ, సారీ" అంటున్నాను.

మోత ఆగాక అతను తాపీగా చెప్పాడు. "ఈ వాసన హాల్లో తగిలించిన నా జాకెట్‌కి పడుతుంది. మిరపకాయలు వేయించేటప్పుడు తలుపు వేసుకో, కిటికీ తెరువు, పొయ్యి మీదున్న ఫ్యాన్ వెయ్యి." అంతే. మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. మన దగ్గర పక్కింటివాళ్లు ఆ మాట మొహం మీద అన్నారంటే ఇక రాకపోకలు తెగినట్టే లెక్క. అప్పట్నుంచి అందరూ నిద్రపోయాక వండుకోవడం, లేదంటే బ్రెడ్డూ పెరుగూ తిని పడుకోవడం. వీడియో కాల్‌లో అమ్మ "ఏం చేసుకున్నావే?" అంటే "పప్పు" అని బొంకడం. ఒకరోజు రాత్రి అతనే అడిగాడు, "ఈ మధ్య నువ్వు వండటమే లేదు, ఒంట్లో బాలేదా?" అని. "నీ జాకెట్..." అని నసిగాను. ముందు అతనికి అర్థమే కాలేదు. తర్వాత, "కిటికీ తెరవమన్నాను, వండొద్దనలేదు కదా" అన్నాడు. ఆ ఆదివారం తలుపు మూసి, కిటికీ తెరిచి, ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ చేశాను. తిన్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

వాళ్లు చెప్పేది ఆ పని గురించి. మనం వినేది మన గురించి. ఈ సంగతి బుర్రకి తొందరగానే ఎక్కింది, మనసుకి ఎక్కడానికి మాత్రం ఒక చలికాలం పట్టింది. రెండో సగం ఇంకా కష్టం, మనం కూడా అలాగే చెప్పగలగాలి. అతను ఖాళీ బీరు సీసాలు బల్ల కింద పోగేసేవాడు. సీసాకి ఎనిమిది సెంట్లు, ప్లాస్టిక్ బాటిల్‌కి పాతిక సెంట్లు షాపులో తిరిగిస్తారు, అందుకని అందరూ దాస్తారు. ఆ పోగు నా కాళ్లకి అడ్డం. ఇంట్లో అయితే సణుక్కుని నేనే తీసి పక్కన పెట్టేదాన్ని. అక్కడ అద్దం ముందు నిలబడి రిహార్సల్ వేసుకుని మరీ చెప్పాను, "శనివారం లోపు సీసాలు తీసెయ్, నాకు కాలు పెట్టే చోటు లేదు" అని. "ఓ, సారీ" అని ఆ సాయంత్రమే సంచిలో వేసుకుని పోయాడు. నేను పడిన టెన్షన్ అతనికి ఈ రోజుకీ తెలియదు.

చిన్నప్పట్నుంచి ఆడపిల్లలకి మనవాళ్లు నేర్పేది ఓర్చుకోమని. ఆ విద్య పరాయి దేశంలో పనికొస్తుందనుకుంటారు. నా మటుకు అదే ఎక్కువ అడ్డం వచ్చింది. గదిలో హీటర్ పని చెయ్యకపోతే రెండు రగ్గులు కప్పుకుని పడుకునే అమ్మాయిని అందరూ మెచ్చుకోవచ్చు గానీ, ఆమెకి చలి తగ్గదు. కేర్‌టేకర్‌కి ఒక మెయిల్ పెడితే వచ్చి బాగుచేసి పోతాడు. చెప్పకపోతే బాగానే ఉందనుకుంటాడు.

ఇక కిటికీలు. అనంతపురంలో మార్చి వచ్చిందంటే పొద్దున పది గంటలకే కిటికీలు మూసి పరదాలు దించుతాం. మరి డిసెంబరులో, బయట సున్నా కంటే కింద ఉన్నప్పుడు, కిటికీ బార్లా తెరవమంటే ఎవరికి మనసొప్పుతుంది? అక్కడ అందరూ చేసేది అదే. రోజుకి రెండు మూడుసార్లు, ఐదు పది నిమిషాలు, హీటర్ తగ్గించి కిటికీలన్నీ పూర్తిగా తెరుస్తారు, మళ్లీ మూస్తారు. దీనికి స్టోస్‌లుఫ్టెన్ అని పేరు కూడా పెట్టుకున్నారు. వెచ్చగా ఉన్న గదిని చేతులారా చల్లార్చుకోవడం ఏంటని నాకు పిచ్చిగా అనిపించింది. కానీ ఉక్రెయిన్ అమ్మాయి చేస్తుంటే చూసి, ఎందుకో తెలియకుండానే నేనూ మొదలుపెట్టాను.

కడప నుంచి వచ్చిన మా ఫ్రెండ్ ఒకడు వేరే ఊళ్లో ప్రైవేటు ఇంట్లో ఉండేవాడు. నాకంటే తెలివైనవాడు, కారణం తెలియకుండా ఏ పనీ చెయ్యడు. కిటికీ తెరవలేదు. ఉతికిన బట్టలు గదిలోనే ఆరేసేవాడు, వంట కూడా ఆ గదిలోనే. ఫిబ్రవరికల్లా మంచం వెనక గోడ నల్లబడింది. వండినా, స్నానం చేసినా, చివరికి ఊపిరి వదిలినా గదిలోకి తేమ చేరుతుంది. వాళ్ల ఇళ్లు గాలి చొరబడకుండా కడతారు, కాబట్టి ఆ తేమ బయటికి పోయే దారి లేక చల్లటి గోడ మీద నీరై దిగుతుంది. అక్కడ బూజు పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు ఇంటాయన అడ్వాన్సులో సగం పట్టుకున్నాడు. "ఎందుకో ముందే చెప్పుంటే తెరిచేవాణ్ణి కదా" అని వాడి బాధ. వాడన్నదీ నిజమే. కానీ కొత్త చోట కారణాలు ఆలస్యంగా తెలుస్తాయి, బూజు మాత్రం టైముకి వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక పని చేస్తుంటే, దానివల్ల మనకి చెడు లేకపోతే, ముందు చేసేసి కారణం తర్వాత కనుక్కోవడం నాకు ఒక పద్ధతిగా మారిపోయింది. చెత్త మూడు నాలుగు డబ్బాలుగా వేరు చెయ్యడం, రాత్రి పది దాటాక వాషింగ్ మెషీన్ వెయ్యకపోవడం, రోడ్డు ఖాళీగా ఉన్నా సిగ్నల్‌లో ఎర్రబొమ్మ వెలుగుతుంటే ఆగడం, అన్నీ అలా మొదలైనవే. మొదటి లెక్చర్ అయిపోగానే క్లాసంతా బల్లల మీద పిడికిళ్లతో కొడుతుంటే ప్రొఫెసర్ మీద గొడవకి దిగారనుకుని హడలిపోయాను. చప్పట్లకి బదులట. నేనూ కొట్టాను.

ఇంకోటి, టీవీ రేడియో చందా కట్టమని ఒక ఉత్తరం వస్తుంది, ఇంటికి నెలకి 18.36 యూరోలు. మన పిల్లలు మోసమనుకుని చించేస్తారు. చించకండి, టీవీ లేకపోయినా కట్టాల్సిందే. అందరూ కలిసి ఉండే ఫ్లాట్ అయితే ఒకరు కట్టి మిగతావాళ్లు పంచుకోవచ్చు.

చదువులో మార్కులు తలకిందులు. 1.0 అంటే అన్నిటికంటే గొప్ప, 4.0 పాసు, 5.0 ఫెయిలు. ఒక సబ్జెక్టులో 1.7 వచ్చిందని సంబరంగా ఫోన్ చేస్తే నాన్న కాసేపు మాట్లాడలేదు. "పోనీలే పాపా, మళ్లీ రాయొచ్చులే" అన్నాడు. నాకు చాలా సబ్జెక్టులకి సెమిస్టర్ చివర ఒకే ఒక్క పరీక్ష, ఇంటర్నల్స్ లేవు. దానికి కూడా మనమే గడువు లోపల ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఎవరూ గుర్తు చెయ్యరు. 75 శాతం అటెండెన్స్ కోసం పరుగులు పెట్టినదాన్ని, లెక్చర్లలో హాజరు పట్టీ లేకపోయేసరికి పొద్దున మంచం దిగడమే ఒక పరీక్ష అయింది.

అసలు పాఠం గ్రూప్ ప్రాజెక్టులో దొరికింది. "గురువారానికి అవుతుందా?" అని అడుగుతారు. మనం తల ఊపి "చూస్తాను" అంటాం. ఆ ఊపులో ఎంత అవునో ఎంత కాదో మన మధ్య అందరికీ తెలుసు. వాళ్లు క్యాలెండర్ తెరిచి గురువారం అని రాసుకుంటారు. గురువారం సాయంత్రం మెసేజ్ వస్తుంది, "ఎక్కడ?" అని. మన పిల్లలు చాలామంది ఇక్కడే మాట పడతారు, బద్ధకస్తులనో నమ్మదగినవాళ్లు కాదనో పేరు పడుతుంది. పని రాక కాదు, కాదని చెప్పడం రాక. ఒకసారి గుండె రాయి చేసుకుని "గురువారం అవ్వదు, సోమవారం ఇస్తాను" అన్నాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. గురువారం కొట్టేసి సోమవారం అని రాసుకున్నారు.

విదేశీ విద్యార్థుల కోసం పెట్టిన ఒక సెషన్‌లో బోర్డు మీద యు ఆకారం గీసి చూపించారు. 1955లో నార్వే పరిశోధకుడు స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికాలో చదువుకుని వచ్చిన తన దేశంవాళ్లతో మాట్లాడి చెప్పిన మాట అది. మొదట అంతా బాగుంటుంది, తర్వాత దిగజారతారు, మళ్లీ లేస్తారు అని. అందరికీ ఇదే వరసలో జరగదని తర్వాతి పరిశోధకులు అన్నారు, నేనూ అదే అంటాను. నాది యు కాదు, వాన పడ్డాక మా కాలనీ రోడ్డు, అడుగడుక్కీ గుంతే. నాకు ఎక్కువ పనికొచ్చింది వాళ్లే చెప్పిన ఇంకో సంగతి. ఆండ్రూ మార్టిన్ అనే ఆస్ట్రేలియా మనస్తత్వ శాస్త్రవేత్త, తన తోటివాళ్లతో కలిసి 2012లో ఈ ఇమిడిపోయే గుణాన్ని విడదీసి చూపించాడు. కొత్త పరిస్థితి ఎదురైనప్పుడు ఆలోచనని, చేసే పనిని, మనసులో కలిగే భావాన్ని సవరించుకోగలగడం అని. మూడూ కలిసే మారాలని నేను ఇన్నాళ్లూ నన్ను నేను తిట్టుకుంటున్నాను. విడివిడిగా చూసుకుంటే లెక్క తేలింది. చేసే పని తొందరగా మార్చుకుంటాను. ఆలోచన మెల్లగా వెనకొస్తుంది. ఏడుపు మాత్రం చెప్పినమాట వినదు.

ఏడుపు అంటే చలికాలమే. డిసెంబరులో పొద్దున ఎనిమిదికి తెల్లవారి సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. మేం మబ్బు పడితే సంతోషించే జిల్లావాళ్లం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అక్కడ వారాల తరబడి మబ్బే, ఎండ మొహమే కనబడదు. రోజూ రాత్రి అమ్మతో గంటసేపు వీడియో కాల్ పెట్టుకునేదాన్ని. ఫోన్ పెట్టేశాక గది ఇంకా ఖాళీగా అనిపించేది. నిద్ర పట్టేది కాదు. చివరికి ఆ కాల్‌ని పొద్దుటికి మార్చాను. చలికాలం అక్కడ ఎనిమిదంటే మన దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నర, అమ్మ వంట ముగించి కూర్చునే వేళ. ట్రామ్ స్టాపు దాకా నడుస్తూ మాట్లాడటం, ట్రామ్ రాగానే పెట్టేయడం. అమ్మ మొదట్లో నొచ్చుకుంది, "నాకంటే బండి ఎక్కువైందా" అని. కానీ రాత్రుళ్లు నిద్ర పట్టింది. మధ్యాహ్నం ఉన్న కాస్త వెలుతురులో ఒక చుట్టు నడిచేదాన్ని, డాక్టరు రాసిచ్చిన విటమిన్ డి మాత్రలు వేసుకునేదాన్ని. ఇంతకంటే పెద్ద చిట్కాలు నా దగ్గర లేవు.

తెలుగు పిల్లలతోనే ఉండాలా, దూరంగా ఉండాలా అని కూడా అడుగుతారు. రెండూ చూశాను. నలుగురు తెలుగువాళ్లే ఒక ఫ్లాట్‌లో ఉన్నచోట అన్నం, పప్పు, పేకాట, అంతా హాయే. కానీ ఒకరికి వచ్చిన భయం రాత్రికి నలుగురికీ అంటుకుంటుంది. ఎవరికో ఏదో పర్మిట్ రాలేదట, ఎవరినో ఎక్కడో కొట్టారట, ఏదీ ఎవరూ కనుక్కోరు. ఇంకోవైపు, జర్మన్ బాగా రావాలని తెలుగువాళ్ల మొహమే చూడనని పంతం పట్టిన కర్నూలు అమ్మాయి. జ్వరం వచ్చి పడుకుంటే జావ కాచిచ్చే దిక్కు లేకపోయింది. నేను వారమంతా ఫ్లాట్‌వాళ్లతో, పండగలకి మనవాళ్లతో అని పెట్టుకున్నాను. ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరక్క చేదు కోసం కాఫీ పొడి వేశాం. ఓళిగలు మాత్రం బాగా కుదిరాయి. మా ఉక్రెయిన్ అమ్మాయి వచ్చి పచ్చడిని మొహం చిట్లిస్తూ, ఓళిగలని అడిగి మరీ తింది.

ఒక సంగతి దాచకూడదు. 2018లో కెమ్నిట్స్‌లో విదేశీయులకి వ్యతిరేకంగా గొడవలు జరిగాయి. నేను వెళ్లేముందు మా బాబాయి ఆ వీడియోలు వెతికి ఇంట్లో అందరికీ పంపాడు. నేనున్న కాలంలో అంత పెద్దవేవీ చూడలేదు. 2025లో ఆ ఊరు యూరప్ సాంస్కృతిక రాజధాని కూడా అయింది, ఏడాది పొడుగునా ఎక్కడెక్కడి జనమో వచ్చారు. కానీ ఒకసారి ట్రామ్‌లో ఒక పెద్దాయన నన్ను చూసి మీ దేశానికి పో అని గొణిగాడు. ఆ మాత్రం జర్మన్ నాకు అప్పటికి వచ్చు, రాకపోతే బాగుండేది. ఇలాంటి వాటికి అలవాటు పడాలని ఎవరైనా చెప్తే వినకండి. వంటింటి కిటికీకి నేను మారతాను, గురువారానికి మారతాను. దీనికి మారాల్సింది ఆయన. నేను పక్క బోగీలోకి పోయి కూర్చున్నాను, మా ఫ్లాట్‌లో చెప్పాను. జర్మన్ అబ్బాయి మొహం ఎర్రబడింది. మరీ ఎక్కువైతే పోలీసులకి చెప్పొచ్చని, ఎలా చెప్పాలో చెప్పాడు.

మనుషులతో అసలు దగ్గరితనం బేకరీలో పనికి చేరాక వచ్చింది. విదేశీ విద్యార్థులు ఏడాదికి ఇన్ని రోజులే పని చెయ్యాలని లెక్క ఉంది. 2024 మార్చి నుంచి అది 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు. ఆ ఏడాది కనీస వేతనం గంటకి 12.41 యూరోలు. నేను పుస్తకాల్లో నేర్చుకున్న జర్మన్ వేరు, కౌంటర్ ముందు వినబడేది వేరు. అది శాక్సనీ (కెమ్నిట్స్ ఉన్న రాష్ట్రం) యాస, పదాలు నోట్లోనే నమిలేస్తారు. అవును అనడానికి "యా" అని బట్టీపట్టి పోతే అక్కడి పెద్దవాళ్లు "నూ" అంటారు. రై బ్రెడ్ ముక్కలు కోయించుకునే ఒక ముసలామె వారానికోసారి వచ్చేది. ఆమె చెప్పింది అర్థంకాక "ఇంకోసారి, మెల్లగా" అని అడిగితే, తన యాస తప్పేమో అన్నట్టు ముడుచుకుపోయి, టీవీ వార్తల్లోలాగా చెప్పబోయింది. మిగతా జర్మన్లు ఆ యాసని వెక్కిరిస్తారని నాకు అప్పటికే తెలుసు. వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను, "మా ఊరి యాసని కూడా మా వాళ్లు నవ్వుతారు. మీరు మీలాగే మాట్లాడండి, నేను నేర్చుకుంటాను" అని. ఆ తర్వాత ఆమె వేరే అమ్మాయి ఖాళీగా ఉన్నా నా ముందే నిలబడేది. నాకు వచ్చిన జర్మన్‌లో సగం ఆమెదే.

ఈ మధ్య సెలవులకి అనంతపురం వచ్చాను. ఇక్కడ మళ్లీ మొదటికొచ్చింది. నాన్న స్కూటర్ మీద సప్తగిరి సర్కిల్ దాటుతుంటే కళ్లు మూసుకున్నాను. తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తుంటే జేజి "ఏం పాపా, ఆడ మున్సిపాలిటీలో చేరినావా?" అంది. పిన్ని వచ్చి వాళ్ల ఆడపడుచు కూతురి పెళ్లికి "వస్తావు కదా?" అంటే "రాను పిన్నీ, ఆ రోజు నాకు ఆన్‌లైన్ మీటింగ్ ఉంది" అనేశాను. పిన్ని మొహం మాడిపోయింది. అమ్మ నన్ను లోపలికి పిలిచి, "చూస్తాలే పిన్నీ అంటే నీ సొమ్మేం పోయిందే?" అని చివాట్లు పెట్టింది. సాయంత్రం వాళ్లింటికి పోయి, కాఫీ తాగి, పెళ్లి చీరలన్నీ చూసి, "చూస్తాలే పిన్నీ" అన్నాను. నేను రానని ఆమెకీ తెలుసు. అయినా నవ్వి, డబ్బాలో చెనిక్కాయల పొడి కట్టిచ్చింది.

థీసిస్ ఇంకా సగం రాయాలి. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. మొన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటూ నాన్న అడిగాడు, "ఆడనే ఉండిపోతావా పాపా?" అని. "అప్పు తీరేదాకా ఉంటాను నాన్నా, ఆ తర్వాత సంగతి ఇప్పుడే తెలీదు" అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టిన మనిషితో చూస్తాలే అనలేం కదా.